వంగనారుకి నా ఆధార్ కార్డెందుకు?

నాలుగు వంగమొక్కల నారు పుచ్చుకోవడానికి ఒక ఆడమనిషి తన గురించి ఎన్ని సంగతులు చెప్పుకోవాలి? నన్నడిగితే రెండు. పిలవడానికి పేరొకటి, కబురు చెయ్యడానికి ఫోను నంబరొకటి. ఈనాటి సరదా సంఘాలవాళ్ళ నడిగి చూడండి. పద్ధెనిమిది అంటారు!

నోటికొచ్చిన అంకె కాదిది. ఈమధ్య మా పేటలో ఒక మిద్దెతోటల సంఘంవారు కొత్త సభ్యులకి పంపిన ఫారం ముందు పెట్టుకుని, గళ్ళు లెక్కపెట్టి మరీ చెబుతున్నాను. పేరు, భర్త పేరు, పుట్టిన తేదీ, పెళ్ళి తేదీ, ఇంటి నంబరు, అపార్ట్‌మెంటు పేరు, ఎన్నో అంతస్తు, ఫోను నంబరు, ఇంకో ఫోను నంబరు, భర్తగారి ఉద్యోగం, పిల్లలెందరు, వాళ్ళేం చేస్తున్నారు, విదేశాల్లో ఉంటే ఏ దేశం, సొంత ఇల్లా అద్దె ఇల్లా, బ్లడ్ గ్రూపు, జబ్బులేమైనా ఉన్నాయా, ఒక ఫోటో, ఆధార్ కార్డు జిరాక్సు. అక్షరాలా పద్ధెనిమిది. ఇంతా చేసి, మీ మిద్దెమీద ఎండ ఎన్ని గంటలు పడుతుంది, నీళ్ళ సదుపాయం ఉందా అనే గడి మాత్రం లేదు!

సంఘం పేరు చెప్పను. చెప్పి ప్రయోజనమూ లేదు. ఎందుకంటే ఇది ఒక్క సంఘం జబ్బు కాదు. కుట్లు అల్లికల సంఘమైనా, వీణ నేర్చుకునేవాళ్ళ సంఘమైనా, ముగ్గుల సంఘమైనా, నవలలు చదివి మాట్లాడుకునే సంఘమైనా ఇదే వరస. ఒకరి ఫారం చూసి ఇంకొకరు తయారు చేసుకుంటారు. కాపీ చేసేటప్పుడు ఒక గడి పెరుగుతుందే గానీ తరగదు.

సంఘాలంటే నాకేదో కోపమని అనుకునేరు. బొత్తిగా కాదు. ఆదివారం పూట రెండు గంటలు ఇంట్లోంచి బయటపడి, మందార కొమ్మకి తెల్లపురుగు పడితే ఏం చెయ్యాలో, కొబ్బరిపొట్టులో మట్టి ఎంత కలపాలో మాట్లాడుకునే సుఖం ఎంతటిదో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఫలానావారి భార్య, ఫలానావాడి తల్లి అనే బిరుదులు పక్కనపెట్టి, "కాకర పందిరి అద్భుతంగా పెంచుతుందే, ఆవిడ" అని మనల్ని మన పనితో గుర్తుపట్టే చోటు ఈ లోకంలో ఎన్ని ఉన్నాయి కనక? అలాంటి చోటికి ఆశగా వస్తే, పేరు తర్వాత రెండో గడి – భర్త పేరు! ఇంట్లో దించి వచ్చిన బరువుని గుమ్మం దగ్గర మళ్ళీ నెత్తిన పెట్టినట్టు లేదూ?

ఆ గడి దగ్గరే కాస్త ఆగుదాం. భర్త పోయినావిడ అక్కడ ఏం రాయాలి? విడిపోయినావిడ ఏం రాయాలి? పెళ్ళే చేసుకోని ఆవిడ ఏం రాయాలి? ఖాళీ వదిలితే, "ఏం, ఎందుకు ఖాళీ?" అన్న ప్రశ్న నోటితో కాకపోయినా కళ్ళతో వస్తుంది. వంకాయలు పండించడానికి వచ్చిన మనిషి తన జీవితకథ అప్పజెప్పవలసి వస్తుంది.

పెళ్ళి తేదీ సంగతి మరీ దారుణం. నాకు తెలిసినావిడ ఒకరికి భర్త పోయి మూడేళ్ళయింది. అంతకుముందెప్పుడో సంఘంలో చేరినప్పుడు ఇచ్చిన తేదీ పుస్తకంలో అలాగే ఉండిపోయింది. కొత్త కార్యదర్శికి ఉత్సాహం ఎక్కువ. పొద్దున్న ఆరింటికల్లా "ఆదర్శ దంపతులకు పెళ్ళిరోజు శుభాకాంక్షలు" అని పూలగుత్తి బొమ్మతో వాట్సప్ గ్రూపులో పెట్టేసింది. మధ్యాహ్నానికి వందమందికి పైగా దీవెనలు! ఆవిడ ఒక్కమాట అనలేదు. ఆ సాయంత్రం గ్రూపులోంచి వెళ్ళిపోయింది, మళ్ళీ సంఘానికి రాలేదు. కార్యదర్శి చెడ్డ మనిషా? కాదు. శుభాకాంక్షలు చెప్పినవాళ్ళు చెడ్డవాళ్ళా? కారు. చెడ్డది ఆ గడి. అది లేకపోతే ఆ పొద్దు ఆవిడకి అలా తెల్లవారేది కాదు.

పుట్టిన తేదీ అడగడం ముచ్చటే కదా, కేకు కోస్తారు కదా అంటారు. సరే, కోయండి. కేకుకి రోజూ నెలా చాలు, సంవత్సరమెందుకు? ఇంకో సంగతి. ఆధార్ కార్డుని ఇంటర్నెట్టులోంచి దించుకుంటే ఆ ఫైలు తెరవడానికి తాళంచెవి ఏమిటో తెలుసునా? మన పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. చాలా బ్యాంకుల లెక్కల కాగితాలకీ పేరూ పుట్టినతేదీ కలిపిన తాళమే. అంటే సంఘం ఫారంలో మనం నింపేది మొదటి గడీ మూడో గడీ కాదు, బీరువా తాళంచెవులు రెండు తీసి బల్లమీద పెట్టడమే.

బ్లడ్ గ్రూపు ఆపదకి పనికొస్తుందంటారు. ఏ ఆస్పత్రివాళ్ళూ మిద్దెతోటల సంఘం పుస్తకం చూసి రక్తం ఎక్కించరమ్మా! వాళ్ళ పరీక్ష వాళ్ళు చేసుకునే ఎక్కిస్తారు. జబ్బుల గడి గురించి నేనేం చెప్పను? ఒకావిడ రొమ్ము ఆపరేషను చేయించుకుని మనసు మళ్ళించుకోవడానికి మొక్కల దగ్గరికి వస్తుంది. ఆ మాట గళ్ళో రాయించి, మళ్ళీ ఆవిడ జాలి చూపుల మధ్యనే కూర్చోవాలన్నమాట!

మన పెద్దవాళ్ళు గుట్టుగా ఉంచుకోవలసినవి తొమ్మిది అని ఒక లెక్క చెప్పారు. వయసు, ధనం, ఇంటి లొసుగు, మంత్రం, దాంపత్యం, మందు, చేసిన దానం, పొందిన మర్యాద, పడిన అవమానం. ఈ ఫారంతో పోల్చి చూడండి. వయసు అడిగారు. సొంత ఇల్లా, మొగుడి ఉద్యోగమేమిటి అని ధనం సంగతి ఆరా తీశారు. పిల్లల మాటున ఇంటి సంగతి, పెళ్ళి తేదీ మాటున దాంపత్యం, జబ్బుల మాటున మందు. తొమ్మిదిలో అయిదు ఒక్క కాగితంలో! మంత్రం మాత్రం అడగలేదు. ఈ రోజుల్లో మంత్రమంటే ఓటీపీయే కదా. దాన్ని అడగడానికి వేరే మనుషులున్నారు. వాళ్ళకి కావలసిన తతిమ్మా సమాచారమంతా మనం ఇలా పోగుచేసి పెడుతున్నాం.

ఇది అతిశయోక్తి కాదు. మోసగాడు ఫోను చేసి "ఎవరండీ మీరు?" అని మొదలుపెడితే ఎవరూ మోసపోరు. "ఫలానా ఇంటి నంబరులో ఉండే ఫలానావారేనా? మీ అబ్బాయి ఫలానా దేశంలో ఉన్నాడు కదూ? వాడి పేరున వచ్చిన పార్శిలులో మత్తుమందు దొరికింది" అని మొదలుపెడతాడు. అన్ని వివరాలూ చెబుతున్నాడంటే నిజంగా పోలీసేనేమో అని తల్లిప్రాణం బెదిరిపోతుంది. డిజిటల్ అరెస్టు అంటూ చదువుకున్నవాళ్ళని, పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళని గదుల్లోంచి కదలనివ్వకుండా కూర్చోబెట్టి డబ్బు గుంజిన కథలు పేపర్లలో చదివాం. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రే రేడియోలో చెప్పవలసి వచ్చింది. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకి ఫోను చెయ్యాలని అందరికీ చెబుతున్నారు. మంచిదే. కానీ దొంగలు పడ్డ ఆరునెలలకి కుక్కలు మొరిగితే లాభమేముంది? గుమ్మం తీసిపెట్టిందెవరో ముందు చూసుకోవద్దూ?

మా మొక్కలవాళ్ళకి ఇంకో ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. "పదిరోజులు ఊళ్ళో ఉండం, కుండీలకి ఎవరైనా నీళ్ళు పోస్తారా?" అని రెండువందలమంది చూసే గ్రూపులో అడుగుతారు. ఇంటి నంబరూ, అంతస్తూ ఎలాగూ సంఘం డైరెక్టరీలో అచ్చయి ఉన్నాయి. ఇక దొంగకి దారి చూపించడానికి ఎవరు కావాలి?

అసలు ఈ గళ్ళన్నీ నిండాక ఎక్కడికి పోతాయో ఎవరైనా ఆలోచించారా? పూర్వం అయితే ఒక లాంగ్ నోటుపుస్తకం. కార్యదర్శిగారి బీరువాలో చీరల కింద ఉండేది. దాన్ని చూడాలంటే ఆవిడ ఇంటికెళ్ళి, కాఫీ తాగి, అడిగి చూడాలి. ఇప్పుడు గూగుల్ ఫారం. జవాబులన్నీ ఒక పట్టికలో పడతాయి. ఆ పట్టికని కోశాధికారికి పంపాలి కనక, లింకు ఉన్నవాళ్ళెవరైనా చూడవచ్చునని మీట నొక్కేస్తారు. ఆ లింకు ఎవరి ఫోనులోంచి ఎవరి ఫోనులోకి వెళ్ళిందో లెక్కే లేదు. ఏటేటా కార్యదర్శి మారుతుంది. పాత కార్యదర్శి ఫోనులో పాత పట్టిక అలాగే ఉంటుంది. ఆవిడ ఫోను మార్చి పాతది మేనల్లుడికిస్తుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందని సామెత. ఇప్పుడు పెదవి కదపక్కర్లేదు, బొటనవేలు చాలు.

నేను ఆ ఫారంలో పేరూ ఫోను నంబరూ రాసి, తతిమ్మా పదహారు గళ్ళకీ అడ్డగీత గీసి పంపాను. మర్నాడే కార్యదర్శిగారి ఫోను.

"ఏమండీ, ఫారం సగంలో వదిలేశారేమిటి?"

"వదల్లేదండీ, పూర్తి చేశాను. మీకు కావలసినవి ఆ రెండే కదా."

"అదేం మాటండీ! మనమంతా ఒక కుటుంబం. కుటుంబంలో దాపరికాలేమిటి?"

"అయితే మీ ఆధార్ కార్డు కాపీ నాకూ ఒకటి పంపిస్తారా?"

కాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వేసి, "మీరు రచయిత్రులు, మాటల్లో మిమ్మల్ని గెలవలేం" అంది. గెలవడం ఓడడం కాదమ్మా, జవాబు కావాలి అన్నాను. జవాబు రాలేదు గానీ, నంబరు మాత్రం గ్రూపులో చేర్చారు. వారం తిరక్కుండా ఎరువుల కొట్టువాడొకడు, ప్లాట్లు అమ్మేవాడొకడు, చిట్టీల మనిషి ఒకావిడ పేరు పెట్టి మరీ పిలిచారు. ఎరువుల కొట్టువాడు దాచలేదు పాపం. "మీ సంఘం డైరెక్టరీ అచ్చుకి మేమే డబ్బిచ్చాం మేడమ్, అందుకని లిస్టు ఇచ్చారు" అన్నాడు. వంద కాపీల అచ్చు ఖర్చుకి మా అందరి పేర్లూ నంబర్లూ అమ్ముడుపోయాయి. అమ్మినవాళ్ళకి అమ్మామని కూడా తెలియదు! రెండు గళ్ళు నింపితేనే ఇలా ఉంటే, పద్ధెనిమిదీ నింపినవాళ్ళ గతి?

ఈ మాట ఎత్తితే మూడు రకాల జవాబులొస్తాయి.

మొదటిది: "పూర్వం టెలిఫోన్ డైరెక్టరీలో ఊరందరి పేర్లూ చిరునామాలూ ఉండేవి కాదా? అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?" ఉండేవి. ఎక్కువగా మగవాళ్ళ పేర్లే ఉండేవి. అందులో మీ పుట్టినరోజు ఉండేదా? మీ జబ్బు ఉండేదా? మీ ఫోటో ఉండేదా? ఆ లావుపాటి పుస్తకాన్ని ఒక్క క్షణంలో వెయ్యిమందికి పంపడం ఎవరివల్ల అయ్యేది?

రెండోది: "మా దగ్గర దాచుకోవలసిందేం లేదు." ఉండకపోతే సంతోషం. కానీ స్నానాలగదికి గడియ పెట్టుకునేది లోపల దొంగతనం చేస్తున్నామని కాదు కదా! దాచుకోవలసింది మీకు లేకపోయినా పక్కన కూర్చున్న ఆవిడకి ఉండవచ్చు. కొట్టే మొగుణ్ణి వదిలి, అడ్రసు తెలియకుండా వేరే పేటలో కాపురముంటున్న మనిషి మీ సంఘంలో ఒక్కతె ఉన్నా, మీ డైరెక్టరీ ఆమె గుమ్మం దాకా దారి చూపిస్తుంది. సంఘం నియమాలు ధైర్యవంతుల కోసం రాయకూడదు, అందరికంటే ఎక్కువ భయం ఉన్న సభ్యురాలిని తలుచుకుని రాయాలి.

మూడోది: "చట్టాలన్నీ పెద్ద కంపెనీలకి. పదిమంది ఆడవాళ్ళు చేరి మొక్కలు పెంచుకుంటుంటే చట్టమెందుకు?" దీనికి కాస్త వివరంగా చెప్పాలి.

మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో 1983లోనే జస్టిస్ పి. ఎ. చౌదరిగారు, ఇష్టంలేని భార్యని కాపురానికి రమ్మని కోర్టు ఆజ్ఞాపించడం ఆమె ఆంతరంగిక స్వేచ్ఛకి భంగమని తీర్పు చెప్పారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని ఒప్పుకోలేదు. అయినా ఈ గోప్యత అన్నమాట మన గడ్డమీద ఒక ఆడమనిషి బాధలోంచి వచ్చిందని గుర్తుంచుకోండి. తర్వాత చాలా ఏళ్ళకి, 2012లో, కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన పుట్టస్వామిగారు, ఎనభై దాటిన వయసులో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకెక్కారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అన్నారు. 2018 సెప్టెంబరులో ఆధార్ మీద తీర్పు చెబుతూ, ప్రైవేటువాళ్ళు ఆధార్ వాడుకోవడానికి దారి తీసిన నిబంధనని కొట్టేశారు. అలాంటప్పుడు వంగనారు ఇవ్వడానికి ఆధార్ జిరాక్సు అడిగే అధికారం సంఘానికి ఎక్కడిది? ఎక్కడైనా ఇవ్వక తప్పనప్పుడు కూడా మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండా ముసుగు వేసిన ఆధార్‌ని ప్రభుత్వమే ఇస్తోంది. ఆ సంగతి మన ఆడవాళ్ళలో ఎందరికి తెలుసు?

ఇక 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. ఒక మనిషి తన సొంత పనికీ, ఇంటి పనికీ రాసుకున్నదాన్ని ఆ చట్టం వదిలేసింది. సంఘాన్ని వదల్లేదు. రిజిస్టరైనా కాకపోయినా, నలుగురు చేరి నడుపుకునేదయినా దానికి వర్తిస్తుంది. కాగితం మీద ఉన్నంతసేపూ దాని జోలికి రాదు, ఫోనులోకో కంప్యూటరులోకో ఎక్కించగానే వస్తుంది. ఏ పనికోసం అడుగుతున్నారో ముందు చెప్పాలి. ఆ పనికి ఎంత అవసరమో అంతే పుచ్చుకోవాలి. మనిషి ఇష్టపూర్తిగా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నంత తేలిగ్గానే వద్దని వెనక్కి తీసుకోనివ్వాలి. పని అయిపోతే చెరిపెయ్యాలి. చెప్పేదాన్ని ఇంగ్లీషులోనే కాక, కోరితే తెలుగులోనూ చెప్పాలి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. వివరాలు పోగుచేసేవాళ్ళ ముఖ్య బాధ్యతలు అప్పటినుంచి 18 నెలలకి, అంటే 2027 మే నాటికి అమలులోకి వచ్చేటట్టు గడువు పెట్టారు. అంతవరకూ ఇష్టం వచ్చినట్టు ఉండవచ్చుననా? మర్యాదకి గడువెందుకండీ?

మరయితే సంఘం ఏం చెయ్యాలి? తాళాలూ, కెమెరాలూ, కంప్యూటరు నిపుణులూ ఏమీ అక్కర్లేదు. నా మట్టుకు నాకు తోచినది ఒక్కటే: తీసుకోకపోవడమే అసలైన రక్షణ. బీరువాలో లేని నగని ఏ దొంగా ఎత్తుకుపోలేడు. పద్ధెనిమిది గళ్ళకి పెద్ద తాళం వెతకడం కంటే పదహారు గళ్ళు కొట్టెయ్యడం చవక.

ఉన్న రెండింటినీ ఇలా చూసుకుంటే చాలు. నంబర్లు కార్యదర్శి ఒక్కరి దగ్గరే ఉండాలి. పదవి దిగిన రోజున కొత్తావిడ ఎదురుగానే తన ఫోనులోంచి చెరిపెయ్యాలి. అందరికీ కబురు చెప్పడానికి వాట్సప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఉంది. అందులో ఒకరి నంబరు ఒకరికి కనబడదు, కార్యదర్శి నంబరు దాచుకున్నవాళ్ళకి కబురు అందుతుంది. అందరూ మాట్లాడుకునే గ్రూపు కావాలంటే, ఇష్టపడ్డవాళ్ళే అందులో చేరాలి. అడక్కుండా ఎవరినీ లాగకూడదు. డైరెక్టరీ అచ్చు వెయ్యవద్దు. వెయ్యక తప్పదంటే పేరూ, పెంచే మొక్కలూ వేసి ఊరుకోవాలి. ఎరువుల కొట్టువాడు డబ్బిస్తానంటే అట్ట వెనక ఆయన ప్రకటన వెయ్యండి, మన పేర్లు ఆయనకి ఇవ్వద్దు. ఫోటో తీసేముందు అడగాలి, పెట్టేముందు మళ్ళీ అడగాలి. మానేసిన సభ్యురాలి పేరు ఆ నెలలోనే కొట్టెయ్యాలి. ఊరెళ్ళేటప్పుడు నీళ్ళ సంగతి నమ్మకమున్న ఒక్కరికే ఫోనులో చెప్పుకోవాలి.

ఇలా చేస్తే సంఘంలో ఆప్యాయత తగ్గిపోతుందని ఒకావిడ నాతో వాదించింది. ఆప్యాయత గళ్ళలో పుట్టదు. నాలుగు ఆదివారాలు పక్కపక్కన కూర్చుని మట్టి కలిపితే, చెప్పాలనిపించినవాళ్ళు తమ కష్టం తామే చెప్పుకుంటారు. అప్పుడు అది ఒక మనిషి ఇంకో మనిషికి ఇచ్చిన నమ్మకం. ఫారంలో రాయించుకున్నది వట్టి వాంగ్మూలం. పోలీసు స్టేషనులో కూడా అంతకంటే ఎక్కువ అడగరనుకుంటాను!

అంచేత అమ్మలూ, అక్కచెల్లెళ్ళూ, వచ్చే ఆదివారం మీ చేతికి ఏ సంఘం ఫారం వచ్చినా, ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి "ఇదెందుకండీ?" అని అడగండి. కోపంగా అడగక్కర్లేదు, కూరగాయలవాణ్ణి ధర అడిగినట్టు అడగండి. జవాబు ఉన్న గడి నింపండి. జవాబు లేని గడికి అడ్డగీత గీసెయ్యండి. గీత గీయడం మనకేం కొత్త? తెల్లారి లేస్తే వాకిట్లో గీతలు గీసే చేతులే కదా మనవి!